ఒక్కరు రాకున్నా ఓడినట్టే

ఆగున్రి, జర ఆగున్రి. చేతుల పనుంటే పక్కకు పెట్టి గీ ముచ్చట ఇనున్రి. నేను ఉరుకుకుంట చెప్త, అది నా అలవాటు, నిదానంగ చెప్పమంటే నాతోని కాదు. మీరే నిదానంగ ఇనున్రి.

నా పేరు యాదలక్ష్మి. చదువంత హైదరాబాద్‌లనే. ఇల్లు ఆడనే ఉన్నా కాలేజీ హాస్టల్ల ఉంట. ఎండకాలం సెలవులొస్తే మాత్రం నల్లగొండల మా మేనమామ ఇంట్లనే పడి ఉంట. మామ బిడ్డ మంజులత నాకంటె పెద్దది, వదిన అయితది, టీచర్ ట్రైనింగ్ చేస్తుంది. మామోళ్ల గోడకు అవుతలి దిక్కు నూరుద్దీన్ వాళ్ల ఇల్లు. ఆ గోడల ఒకకాడ ఇటుకలు ఊడిపోయి కిటికీ లెక్క అయింది, ఎవ్వరు కట్టియ్యలె, కూర గిన్నెలన్ని అండ్లకెంచే అటు ఇటు తిరుగుతయి. నూరుద్దీన్ ఇంటర్ పాసయి ఇంట్ల ఉన్నడు. వాళ్ల అబ్బా అహ్మద్ అలీ చాచాకు చిట్యాల హైవే మీద లారీల పంచర్ దుకాణం, వారానికొకపారి ఇంటికొస్తడు. వాళ్ల అమ్మీ అన్వరీ బేగం. గల్లీల అందరు ఆమెను చాచీ అంటరు. నేను మొదట్ల "ఆంటీ" అన్న. చెవు పట్టి మెలేసింది. "ఆంటీలు మీ హైదరాబాద్‌ల ఉంటరే, సెంటు కొట్టుకొని. నేను చాచీని" అన్నది.

ఇది తొంభైతొమ్మిది సంగతి, జూన్ నెల. మిరుగు కార్తె దాటినా వాన సుక్క లేదు. టీవీ పెడితే కార్గిల్. మంచు గుట్టలు, పొగ, జెండా కప్పిన పెట్టెలు. కరెంటు ఉన్నంతసేపు టీవీ చూసుడు, కరెంటు పోంగనే పత్తాలు తీసుడు. పత్తాలంటె మూడు ముక్కలు, రమ్మీ అసుంటివి కాదు. నూరుద్దీన్ సొంతంగ కనిపెట్టిన ఆట!

అబ్బ, ఏం ఆట తెలుసా! మామూలు పత్తాలాటల ఒకరు గెలుస్తరు, మిగిలినోళ్లు మొఖం మాడ్చుకుంటరు. ఇండ్ల గట్ల కాదు. ఆడే నలుగురం ఒకటే దిక్కు. నలుగురం సిపాయిలం, గుట్ట మీద చౌకీల ఇరుక్కపోయినం, కిందికి దిగి ఇంటికి రావాలె. దుష్మన్ ఎవలంటె నల్ల పత్తాలు, ఇస్పేటు, కళావరు. నల్లవాటిల సగం తీసేసి సగం నడుమ బోర్లేస్తం, ఆ కుప్పనే గుట్ట. ఎర్ర పత్తాలు నలుగురం పంచుకుంటం. అవి రొట్టెలనుకున్నా సరే, బలమనుకున్నా సరే. వంతుల ప్రకారం ఒక్కొక్కరం కుప్పల పత్తా తిప్పాలె. తొమ్మిది వచ్చిందనుకోన్రి, నలుగురిల ఎవలన్న ఒకరు ఎర్ర తొమ్మిదో, అంతకంటె పెద్దదో దాని మీద వేసి ఆపాలె. ఆపలేకపోతే తిప్పినోళ్లకు దెబ్బ. మూడు దెబ్బలు తింటె పడిపోయినట్టు. నలుగురం ఒకసారి తిప్పుడు అయినంక తినే వంతు, అందరు ఒక్కొక్క ఎర్ర పత్తా పారేయాలె. పారేసేటందుకు లేకుంటె అది గూడ దెబ్బే. కుప్ప ఖతమైతే గుట్ట దిగినట్టు.

సులువే గద అనుకుంటున్నరా? నేను గూడ గట్లనే అనుకున్న! ఇంక రెండు ఖాయిదాలున్నయి, అవి పానం తీస్తయి. మొదటిది, నీ కాడ ఏమున్నదో నోటితోని చెప్పొద్దు. సైగ చేయొద్దు, దగ్గొద్దు, మూతి తిప్పొద్దు. ఎన్ని పత్తాలున్నయో గూడ కనబడకుంట తొడ కింద పెట్టుకోవాలె. తినే ముందు ఒకే ఒక్క పత్తా బోర్లేసి నీకు నచ్చినోళ్లకు ఇయ్యొచ్చు, గంతే. ఇగ రెండోది, ఒక్కరు పడిపోయినా అందరం ఓడినట్టే. ముగ్గురు ఇంటికొచ్చినా సరే, ఓడినట్టే.

సెలవులన్ని ఆడినం. ఒక్కపారి గెలవలె. మాతోని ఆడే నాలుగో మనిషి రఘుపతి, ఎప్పుడు లొల్లే. "గిదేం ఆటరా నూరూ! ఒకడు పోతే పోయిండు, మిగిలిన ముగ్గురమన్న గెలుద్దాం" అంటుండె.

"ఒకన్ని ఇడిసిపెట్టి వస్తే అది గెలుపెట్లయితదిరా?" అనేటోడు నూరుద్దీన్.

"అయితే నువ్వు కనిపెట్టింది ఆట కాదు బిడ్డా, శిక్ష."

ఇగ అసలు ముచ్చట. నూరుద్దీన్ మిలిటరీ భర్తీల సెలక్టయిండు. సోమారం పొద్దుగాల సికింద్రాబాద్‌ల హాజరు కావాలె. నాకు ఎరుక, మంజు వదినకు ఎరుక, రఘుపతికి ఎరుక, అహ్మద్ అలీ చాచాకు గూడ ఎరుక. ఎరుక లేనిది ఒక్క చాచీకే. "అబ్బా, నువ్వే అమ్మీకి చెప్పరాదు" అని నూరుద్దీన్ బతిలాడితే వాళ్ల అబ్బా ఏమన్నడంటె, "జాకీ లేకుంట లారీ కిందికి దూరమను, దూర్త. మీ అమ్మీకి మాత్రం నువ్వే చెప్పుకో" అని చెప్పులేసుకొని చిట్యాల బస్సెక్కిండట.

నూరుద్దీన్ మాకు ఒక మాట ముందే చెప్పి పెట్టిండు. "అమ్మీ నక్కో, వద్దు అంటె నేను పోను. దొంగ లెక్క పోయేది లేదు." ఇగ పోకుంటె ఏమున్నది, చిట్యాల దుకాణమే. ఆ దుకాణంల వాడు కూసున్నప్పుడు మీరు చూడాలె. పని మంచిగనే చేస్తడు, అందరితోని నవ్వుకుంట మాట్లాడ్తడు, కాని కండ్లు మాత్రం లారీల ఎంబడి పోతుంటయి.

శనారం పగటీలి మమ్మల్ని పిలిచిండు. "ఇయ్యాల చెప్త. అమ్మీని గూడ ఆటల కూసోబెడ్త. నవ్వుకుంట ఉన్నప్పుడు చెప్త."

"నవ్వుకుంట ఉన్న మనిషిని ఏడిపిస్తవా?" అన్నది వదిన.

"మరి ఏడ్చుకుంట ఉన్నప్పుడు చెప్పాల్నా?"

మంచి మోకా గూడ దొరికింది. రఘుపతి ఆ పొద్దు లేడు. కాలువల నీళ్లు ఇడుస్తరంట అని నారు పోసే పనికి హాలియాల వాళ్ల అక్కోళ్ల ఇంటికి పోయిండు. మేము ముగ్గురమే మిగిలినం. చాచీ వసారల బండల మీద కాళ్లు సాపుకొని చాటల బియ్యం ఏరుతుంది. మోకాళ్ల నొప్పులకు కాళ్లు ముడువరాదు ఆమెకు.

"అమ్మీ, ఒక మనిషి తక్కువున్నడు, రా."

"పత్తాలా? తోబా తోబా! మా అబ్బా చూస్తే గోరీల నుంచి లేచి వస్తడు."

"జూదం కాదు చాచీ, పైసలు లేవు ఇండ్ల" అన్న నేను.

"పైసలు లేకుంటె మరెందుకు ఆడుతున్నరు?"

ఇగ నేను మొదలుపెట్టిన, గుట్ట, సిపాయిలు, దెబ్బలు, రొట్టెలు, చేతులు ఊపుకుంట ఒక్క గుక్కల మొత్తం చెప్పిన. చాచీ చాట పక్కకు పెట్టి ఇన్నది.

"నలుగురు ఒకటే దిక్కు అంటున్నవ్. మరి కొట్లాట ఎవలతోని?"

"పత్తాలతోని."

"కాయితాలతోని కొట్లాడుతున్నరు. చదువుకున్నోళ్లకు ఎంత పనో పాపం" అని నవ్వి, జరుక్కుంట వచ్చి మా నడుమ కూసున్నది.

నూరుద్దీన్ పంచిండు. చాచీ పత్తాలు తొడ కింద పెట్టుకోలె. ఇసనకర్ర లెక్క పట్టుకొని మొఖానికి గాలి ఇసురుకుంటుంది. అన్ని కనబడుతున్నయి!

"చాచీ! దాసుకో!"

"ఎవలకు దాసాలె? మనం ఒకటే దిక్కు అంటివి గద."

వదిన పడి పడి నవ్వింది. చివరికి ఎట్లనో దాపిచ్చినం.

మొదటి పత్తా నేను తిప్పిన, ఐదు, వదిన ఆపింది. రెండోది నూరుద్దీన్ తిప్పిండు. ఇస్పేటు రాజు! రాజును ఆపాలంటె ఎర్ర రాజన్న కావాలె, ఆసన్న కావాలె. మామూలుగ అయితే ఇక్కడ మేము నలుగురం ఒకలి మొఖం ఒకలం చూసుకుంట సోంచాయిస్తం. ఒక దెబ్బ తిననిద్దామా, ఆసును ఆఖరికి దాసి పెట్టుకుందామా అని. చాచీ సోంచాయించలె. తొడ కింద చెయ్యి పెట్టింది, ఆఠీను ఆసు తీసింది, టప్పున వేసింది.

"అయ్యో చాచీ! ఆసును గింత జల్ది వేస్తరా? ముంగట ఇంకా పెద్దవి వస్తయి!"

"నా కొడుకు మీదికి రాజు కత్తి పట్టుకొని వచ్చిండు. నేను లెక్కలు చేసుకుంట కూసోవాల్నా?"

గట్లనే ఆడింది. వదిన మీదికి ఏదొచ్చినా ఆపింది, నా మీదికి ఏదొచ్చినా ఆపింది. తినే వంతు వచ్చింది. పత్తా ఇచ్చుకునేకాడ తన కాడున్న పెద్దది నూరుద్దీన్ ముందల పెట్టింది. ఇంకొకటి నా ముందల పెట్టింది, "నువ్వు హాస్టల్ తిండి తిని ఎండిపోయినవ్" అని. ఒకటే ఇయ్యాలె చాచీ అంటె, "సాల్తియ్" అన్నది. ఇగ తన వంతు తిప్పేసరికి పెద్ద పత్తాలన్ని మా మీదనే ఖర్చయిపోయినయి, ఆపేటందుకు ఎవ్వరి కాడ ఏం లేదు. ఒక దెబ్బ. రెండో తినే వంతుకు వదిన పాపం తన కాడి పత్తా ఒకటి చాచీ ముందలికి జరిపింది. చాచీ అది తిప్పి గూడ చూడలె, నూరుద్దీన్ దిక్కు జరిపింది.

"అందరు తినాలె చాచీ, నువ్వు గూడ."

"మీరు తినున్రి. నాకు ఆకలి లేదు."

ఆటల గూడ! పత్తాలాటల గూడ ఆకలి లేదంట! నవ్వుదామనుకున్న, నవ్వు రాలె. ఎందుకంటె నాకు గప్పుడే సోయికొచ్చింది. ఈ ఇంట్ల నేను ఎన్నిసార్లు తిన్ననో. చాచీ దస్తర్ గుడ్డ పరుస్తది, అందరికి పెడ్తది, "ఇంకొంచెం, ఇంకొంచెం" అని వెంటపడ్తది, అందరు లేచినంక గిన్నెల అడుగున మిగిలింది గోకి తింటది. మా అత్త నిర్మలమ్మ గంతే. హైదరాబాద్‌ల ఫ్రిజ్జు, డైనింగ్ టేబుల్ ఉన్న మా అమ్మ గూడ గంతే, టేబుల్ పక్కన నిలబడి ఆఖర్ల తింటది. అందరు తినాలె అంటె ఆ అందరిల తను గూడ ఒక మనిషినన్న సంగతి చాచీకి తట్టనే లేదు. మా ఆటల ఇన్ని దినాలు ఎవ్వరం చేయని తప్పు అది. మేమందరం పెట్టించుకొని తినేటోళ్లం, మాకెట్ల వస్తది ఆ తప్పు?

తిననందుకు రెండో దెబ్బ, మల్ల తిప్పితే మూడో దెబ్బ పడ్డది. చాచీ పడిపోయింది.

"అయిపోయిందా?" అన్నది చేతులు దులుపుకొని. "మీరు ముగ్గురు సల్లగున్నరా?"

"ఓడిపోయినం అమ్మీ" అన్నడు నూరుద్దీన్.

"ఎట్ల ఓడినం? మీకు ఒక్క దెబ్బ తగలనియ్యలె నేను."

"నువ్వు పడ్డవ్ గద."

"నేను పడితే ఏమాయెరా? మీరున్నరు. నేను గెలిచినట్టే."

"కాదమ్మీ. ఒక్కరు రాకున్నా అందరు ఓడినట్టే. ఖాయిదా."

"ఎవలు పెట్టిన్రు గా ఖాయిదా?"

"నేనే."

చాచీ వాని మొఖం దిక్కు చూసుకుంట కూసున్నది. కొంగుతోని మెడ తుడుచుకొని, "మల్ల వెయ్యి" అన్నది.

చెప్పేటందుకు అదే మంచి సమయం! వదిన కాలితోని వాని కాలు తన్నింది గూడ. వాడు తల వంచుకొని పత్తాలు కలుపుకుంట పోయిండు.

రెండో ఆటల చాచీ ఇంకో మనిషి. పత్తాలు తొడ కింద పెట్టింది. రాజు వచ్చినా ఆగి చూస్తుంది, ఇంకెవలన్న ఆపుతరేమో అని. తినే వంతు వస్తే ఒక చిన్న పత్తా తీసి, మందు మింగినట్టు మొఖం పెట్టి పారేస్తుంది. "తిన్న. చూసిన్రా? నేను గూడ తిన్న" అని మాకు చూపిస్తుంది. మేము ఎన్నడు అంత దూరం పోలె! నూరుద్దీన్‌కు మాత్రం ఆ పొద్దు వంతులు మంచిగ రాలె, ఒకపారి ఇస్పేటు ఆసు, ఒకపారి కళావరు రాజు తిప్పి రెండు దెబ్బలు తిన్నడు, మా ఎవ్వరి కాడ అంత పెద్దది మిగలలె. అయినా వాడు నిమ్మళంగనే ఉన్నడు. బయట గల్లీల ఐసు బండోడు గంట కొట్టుకుంట పోతుండు, ఎప్పుడైతే నేనే ముందుగాల ఉరుకుత, ఆ పొద్దు కదలలె. కుప్పల ఒకటే ఒక్క పత్తా మిగిలింది. ఒక్కటి! మూడో తినే వంతు అయిపోయి, అదొక్కటి తిప్పితే గుట్ట దిగినట్టు. రఘుపతి లేనప్పుడే గెలుస్తున్నం, వాడు ఇంటె చస్తడు అనుకుంటున్న.

నేను తిన్న. వదిన తిన్నది. చాచీ తిన్నది.

నూరుద్దీన్ తొడ కింద చెయ్యి పెట్టలె.

"వెయ్యిరా" అన్నది చాచీ.

"లేవమ్మీ."

"లేవంటె?"

"అయిపోయినయి."

మూడో దెబ్బ. పడిపోయిండు. నేను "అబ్బా!" అని బండ మీద అరచేతితోని కొట్టిన. చాచీ మాత్రం తన పత్తాలు తీసి ఎల్లెలకల బండల మీద పరిచింది. రాణి ఉన్నది, పది ఉన్నది, ఇంకో రెండు గూడ ఉన్నయి. అందరి కాడ ఖాళీ అయిపోయే యాళకు ఆమె కాడ గన్ని.

"నాకు ప్రతిసారి ఒకటి బోర్లేసి ఇచ్చినవ్ గద?"

"హౌ."

"నీ కాడ తినేటందుకు లేదని ఎరుక ఉండి గూడ ఇచ్చినవా?"

"నువ్వు పడొద్దనుకున్న అమ్మీ."

"నువ్వు పడ్డవ్ గద!" చాచీ గొంతు లేచింది. వసారల పిల్లి గూడ ఉలికిపడి చూసింది. "నేను చేస్తే ఖాయిదా చెప్పినవ్. మరి నువ్వు చేసిందేంది? యాడికి పోయినా గిట్లనే చేస్తవ్ నువ్వు. నాకు ఎరుకే."

అప్పుడు చెప్పిండు. నవ్వుకుంట ఉన్నప్పుడు చెప్త అన్నోడు, ఆమె కోపంల ఉన్నప్పుడు చెప్పిండు.

"అమ్మీ, నేను ఫౌజుల సెలక్టయిన. సోమారం రమ్మన్నరు. నువ్వు పొమ్మంటె పోత. వద్దంటె పోను."

బండల మీద పత్తాలు గాలికి కొంచెం కొంచెం కదులుతున్నయి, వదిన ఒక చేత్తోని వాటిని అదిమి పట్టింది.

"పొద్దుగాల లేచి పానగల్ దాకా ఉరుకుతున్నవ్, వచ్చి చెంబెడు నీళ్లు తాగుతున్నవ్. నాకు కండ్లు లేవనుకున్నవా? పోలీసు పరీక్ష అనుకున్న" అన్నది చాచీ. "మీ అబ్బాకు ఎరుకనా?"

"ఎరుకే."

"అందుకేనా నిన్న నా మొఖం చూడకుంట అన్నం తిన్నడు!"

వదిన మెల్లగ అందుకున్నది. "చాచీ, ట్రైనింగే చానా నెలలు ఉంటదట. అప్పటికి గా లడాయి అయిపోతది."

"గిది అయిపోతది. ఇంకోటి రాదా?"



"పంచర్ దుకాణం ఏమన్నదిరా నిన్ను?" అని అడిగింది చాచీ కొడుకును. తిట్టినట్టు కాదు, నిజంగనే తెలుసుకుందామని అడిగినట్టు.

వాడు కొంచెంసేపు గోరుతోని బండను గీకిండు. "ఏమనలె అమ్మీ. టైరు బాగు చేస్త, లారీ పోతది. ఇంకోటి వస్తది, బాగు చేస్త, అది గూడ పోతది. అన్ని యాడికో ఒకకాడికి పోతయి. నేనొక్కన్నే ఆడ ఉంట."

"టీవీల చూసి చెడిపోయినవా?"

"టీవీల యుద్ధం రాకముందే నేను ఉరుకుడు మొదలుపెట్టిన."

చాచీ పత్తాలన్ని దగ్గరికి గుంజి ఒక కట్ట చేసింది. ఏడుస్తదని నేను భయపడుతున్న, ఏడ్వలె. ఆ కట్టను నడుమల పెట్టి, మా ఇద్దరి దిక్కు తిరిగింది. కొడుకు దిక్కు కాదు, మా దిక్కు!

"ఇనున్రి బిడ్డా. వాడు పోతే, వానికి ఏమన్న అయితే, ఓడిపోయేది నేనొక్కదాన్నే అనుకుంటరు అందరు. నలుగురు వస్తరు, ఏడుస్తరు, చాయ్ తాగి పోతరు. నేను ఈ బండల మీద ఒక్కదాన్నే కూసుంట. నాకు గది వద్దు. వీడు పెట్టిన ఖాయిదానే పెడదాం. వాడు రాకుంటె మీరు గూడ ఓడినట్టే. నా లెక్కనే. అది ఒప్పుకొని పొమ్మనున్రి, పంపిస్త. వీళ్ల అబ్బాను నేను చూసుకుంట. మీ ఇద్దరిల ఒక్కరు నక్కో అన్నా పంపియ్య."

"అమ్మీ, వాళ్లనెందుకు..." అన్నడు నూరుద్దీన్.

"నువ్వు చుప్ కూసో. నువ్వు పడిపోయినోనివి, నీకు మాట లేదు."

వదిన ఎక్కువసేపు ఆలోచించలె. "ఒప్పుకుంటున్న చాచీ. పోనీ. నా తమ్ముడే అనుకుంటున్న. ఏమన్న అయితే నేను గూడ ఓడినట్టే. గోడ అవుతల్నే ఉంట."

"నీకు పెండ్లయితే యాడుంటవో."

"యాడున్నా వస్త. నీ పక్కన కూసుంట. పండుగకు పబ్బానికి కాదు, వచ్చి నీతోని ఉంట."

చాచీ తల ఊపింది. తర్వాత నా దిక్కు చూసింది. "నువ్వు?"

నేను నోరు తెరిచిన. మీకు ఎరుకే గద, నా నోటికి తాళం లేదు. టీవీల సిపాయిలను చూసి గల్లీల అందరికంటె ఎక్కువ ఎగిరింది నేనే. పొమ్మను అని నాలుక కొస మీదనే ఉన్నది. కాని బయటికి రాలె.

"జల్దిల చెప్పకు" అన్నది చాచీ. గోడ పట్టుకొని లేచింది, మోకాళ్లు పటపటమన్నయి. "అస్ర్ యాళయింది. నమాజ్ చేసుకొని వస్త. గప్పటిదాకా సోంచాయించు."

లోపటికి పోయింది. తొట్టి కాడ నీళ్ల సప్పుడు ఇనబడ్డది.

"నూరూ, నన్ను ఏమనమంటవ్?" అని మెల్లగ అడిగిన.

"నేను చెప్పించుకుంటె అది నీ మాట ఎట్లయితది యాదీ?" అన్నడు. లేచి పోయి, వాళ్ల అమ్మీ సగం ఏరి ఇడిసిపెట్టిన బియ్యం చాట ముందల కూసొని రాళ్లు ఏరుడు మొదలుపెట్టిండు.

వదిన మాట వదిన చెప్పింది, ఇగ నాదే మిగిలింది.

నేను కూసొని సోంచాయించిన. వదిన ఒప్పుకున్నదంటె ఒప్పుకోవచ్చు, ఆమె ఇక్కడి మనిషి. నేనో? వారం అయితే కాలేజీ తెరుస్తరు, హైదరాబాద్ పోత. వచ్చే ఎండకాలం ఎంసెట్ కోచింగ్ అంటరు, వస్తనో రానో. సరే అని చెప్పుడు నాకు చానా సులువు, గందుకే బుగులు పుడుతుంది. వానికి ఏమన్న అయితే నేను హాస్టల్ల రెండు దినాలు ఏడుస్తనేమో, మూడో దినం పరీక్ష ఉంటే రాస్త. అది ఓడిపోవుడు అయితదా? చాచీ ఓడిపోయినంత నేను ఓడిపోగల్నా? ఓడిపోలేని మనిషికి పొమ్మనే హక్కు ఉంటదా?

అయితే నక్కో అంట. అప్పుడు? వాడు ఒక్క మాట అనడు, ఆ సంగతి నాకు ఎరుక. ఎప్పటి లెక్కనే గోడ కిటికీకెంచి కూర గిన్నె అందిస్తడు. హైదరాబాద్ నుంచి నల్లగొండ వచ్చే బస్సు చిట్యాల మీదికెంచే వస్తది. ప్రతిసారి నేను కిటికీ పక్కన కూసుంట, వాడు టైర్ల నడుమ కూసొని మా బస్సు దిక్కు చూస్తుంటడు. బస్సు పోతది. వాడు ఆడనే ఉంటడు. సల్లగనే ఉంటడు, పానంతోనే ఉంటడు. అది గెలిచినట్టా?

లోపట సప్పుడు ఆగింది. చాచీ జానమాజ్ గుడ్డ మడత పెడుతుంది, దర్వాజల నుంచి కనబడుతుంది. మడత పెట్టి దండెం మీద వేసింది. బయటికొచ్చింది, కొడుకు ఏరుతున్న చాట దిక్కు ఒకసారి చూసింది, వచ్చి నా ముందల కాళ్లు సాపుకొని కూసున్నది. మొఖం మీద నీళ్ల తడి ఇంకా ఉన్నది.

"ఆ, ఇగ చెప్పు బిడ్డా" అన్నది.

మీరు నా జాగల ఉంటె ఏం చెప్తుండె?